వేలు వదలని రవ్వల ఉంగరం

నబవియ్యా చేత్తో ఇచ్చిన మంచినీళ్ళు అన్ఫూషీ పేటలో ఎవరూ తాగేవారు కాదు. మొహం మీద ఎవరూ ఏమీ అనేవారు కాదు గాని, ఆమె వచ్చి టీ తాగి వెళ్ళిందంటే ఆ ఇంటి ఇల్లాలు గ్లాసును రెండు వేళ్ళతో ఎత్తి పెరట్లో విడిగా పెట్టేది. చంటిపిల్లను ముద్దు చేయబోతే తల్లి ఏదో పని గుర్తొచ్చినట్టు పిల్లను చంకనేసుకుని లోపలికి వెళ్ళిపోయేది. ఇంట్లో ఆడమనిషి కన్నుమూసిందంటే మాత్రం అవే చేతుల కోసం మనిషిని పరుగెత్తించేవారు. ఆడశవాలకు స్నానం చేయించి కఫన్ గుడ్డ చుట్టడం ఆమె పని.

కోరి తెచ్చుకున్న పని కాదది. ఆమె భర్త గాబిర్ సముద్రపు ఒడ్డున పడవలు కట్టే వడ్రంగి. అతని మేనత్త సుక్కరా అలెగ్జాండ్రియా సగం ఊరికి శవస్నానాలు చేయించిన మనిషి. మోకాళ్ళు పట్టేసి వంగలేని రోజులొచ్చాక, నీళ్ళు అందించడానికి సాయం రమ్మని కొత్తకోడలిని వెంట తీసుకెళ్ళింది. మొదటిరోజు నబవియ్యా గోడవైపు తిరిగి వాంతి చేసుకుంది.

"కక్కెయ్యి, కక్కెయ్యి. కడుపు ఖాళీ అయితే కళ్ళు తెరుచుకుంటాయి," అంది సుక్కరా తన పని తాను చేసుకుంటూ. "చచ్చినోళ్ళంటే భయమెందుకే పిచ్చిమొహమా? వాళ్ళు అబద్ధమాడరు, నీ వెనకాల చాడీలు చెప్పరు. కాసుకోవాల్సింది తలుపవతల నిలబడ్డ వాళ్ళని."

ఆ మాట నబవియ్యాకు అర్థం కావడానికి కొన్నేళ్ళు పట్టింది. శవాలంటే ఉన్న ఏవగింపు కొద్దికొద్దిగా పోయింది. పుండ్లు పడ్డ ఒళ్ళయినా, ఉప్పునీళ్ళలో నాని తేలిన ఒళ్ళయినా ఆమెకు ఒకటే, గోరువెచ్చని నీళ్ళు పోసి మెల్లగా తోమాల్సిన మనిషి. రోత పుట్టించినవి ప్రాణమున్న చేతులు. తల్లి చెవి కమ్మల్ని చెరోవైపునా పట్టుకుని లాగిన అక్కచెల్లెళ్ళను చూసింది. అత్త నోట్లో బంగారు పన్ను ఉందేమో వేలుపెట్టి తడమమన్న కోడలిని చూసింది. గాజు రాకపోతే "మణికట్టు కాస్త గట్టిగా నొక్కు, ఏం కాదులే" అన్న కన్నకొడుకు గొంతు తలుపు సందులోంచి విన్నది. అలాంటి రోజున ఇంటికొచ్చాక ముద్ద దిగేది కాదు.

"ఈ పూట శవం కంపా, మనుషుల కంపా?" అని అడిగేవాడు గాబిర్.

"శవాలు కంపు కొట్టవు. కర్పూరం వాసనొస్తాయి."

అతనికి తెలిసిపోయేది. ఆమె కంచంలో చేప తీసి పిల్లికి వేసేవాడు.

ముహర్రం బే వీధిలోని హిక్మత్ హానిం అనే దొరసానితో ఆమెకు పరిచయమైంది హిక్మత్ తల్లి పోయినప్పుడు. అలాంటి గొప్పింటి ఆడవాళ్ళు సాధారణంగా గుమ్మం దగ్గరే నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఏడుస్తారు. హిక్మత్ అలా చేయలేదు. చేతులు మోచేతుల దాకా పైకి మడిచి తల్లి తల తన ఒళ్ళో పెట్టుకుంది. నీళ్ళు తానే పోసింది. అంతా అయ్యాక, కర్పూరం నీళ్ళింకా కారుతున్న నబవియ్యా చేతిని పట్టుకుని వంగి ముద్దు పెట్టుకుంది. నబవియ్యా కంగారుపడి చెయ్యి లాక్కుంది. ఆ చేతికి అంతకుముందు అలాంటి మర్యాద జరగలేదు.

హిక్మత్ వేలికున్న ఉంగరాన్ని ఆమె అప్పుడే చూసింది. నడుమ శనగగింజంత వజ్రం, చుట్టూ చిన్న చిన్న రవ్వలు. కింద బంగారం, రవ్వలు పొదిగినచోట నల్లబడిన వెండి. కొత్త రవ్వల్లా కళ్ళలో పొడిచే మెరుపు కాదు దానిది. నూనెదీపం వెలుగులా నిదానంగా ఉంది.

"మా తౌఫీక్ ఇచ్చాడు, పెళ్ళికి ముందు," అంది హిక్మత్, ఆమె చూపు గమనించి. కళ్ళు ఏడ్చి ఏడ్చి వాచిపోయి ఉన్నా ఆ మాట చెప్పేటప్పుడు మొహం వెలిగింది. "ఎవరో పాషాగారి సామాను వేలం వేస్తుంటే, పత్తి దళారీలో తన మొదటి సంపాదనంతా పోసి పాడుకున్నాడు. లోపల తుర్కీలో ఏదో చెక్కి ఉంది. నా ప్రాణం నీ వేలికి చుట్టాను అనట. ఎవరు ఎవరికి చెక్కించారో ఏమో, ఆ ఇద్దరూ మట్టిలో కలిసిపోయారు. మాట మాత్రం నాకు దక్కింది." ఉంగరాన్ని వేలి చుట్టూ తిప్పుతూ, "నాక్కూడా నువ్వే రావాలమ్మా. ముక్కూమొహం తెలియని మనిషి చేతిలో పడటం నాకిష్టం లేదు," అంది.

"అవేం మాటలు హానింగారూ! దేవుడు మీకు నూరేళ్ళు ఇవ్వాలి."

"ఇస్తే ఇవ్వనీ. నూరేళ్ళ తర్వాతైనా రావాలిగా?"

అప్పటినుంచీ పండక్కి పండక్కీ హిక్మత్ కబురు పంపేది. నెయ్యి ఓడుతున్న పండగ బిస్కెట్లు డబ్బాకెత్తి ఇచ్చేది. తాను తాగే కప్పుల్లోనే టీ పోసి, ఎదురుగా కూర్చుని తాగేది. అప్పుడప్పుడు తౌఫీక్ బే కూడా అటు వచ్చేవాడు. పొడుగాటి మనిషి, నెరిసిన మీసం నున్నగా దువ్వుకునేవాడు. ఇంటికి చుట్టాలెవరైనా వస్తే భార్య మణికట్టు పట్టుకుని, ఆ చేతిని కిటికీ వెలుతురులోకి ఎత్తేవాడు.

"చూశారా ఈ కోత? ఇప్పటి పనివాళ్ళకి చేతనవుతుందా? మచ్చ లేదు, అతుకు లేదు. పుట్టినప్పుడెలా ఉందో అలానే ఉంది."

హిక్మత్ సిగ్గుపడుతూ నవ్వేది. సంతలో ఆవు మూతి పైకెత్తి పళ్ళు చూపించే బేరగాడిలా ఉన్నాడు అనుకునేది నబవియ్యా. అనుకుని, పరాయివాళ్ళ ప్రేమల గురించి నాకెందుకులే అని సర్దుకునేది.

చివరి ఏడాది హిక్మత్‌కు మూత్రపిండాలు చెడిపోయాయి. ఒళ్ళు నీరుపట్టింది. నబవియ్యా చూడబోతే మంచం మీద కూర్చుని ఉంది. మొహం పిండిముద్దలా పాలిపోయింది. ఎడమచెయ్యి శాలువా కింద దాచుకుంది.

"ఏదీ, చెయ్యి చూడనివ్వండి."

"ఏముందిలే చూడటానికి."

నబవియ్యా బతిమాలి శాలువా తీసి చూసింది. వేలు వంకాయలా ఉబ్బి నిగనిగలాడుతోంది. ఉంగరం కండలో దిగబడిపోయి, రవ్వలు మాత్రం పైకి కనిపిస్తున్నాయి.

"ఇదేంటి తల్లీ! కోయించి పారేయకపోయారా?"

"డాక్టరూ అదే అన్నాడు. తౌఫీక్ వద్దన్నాడు. వాపు రేపో మాపో తగ్గుతుంది, తొందరేముంది అన్నాడు." హిక్మత్ నవ్వబోయింది, మూతి వంకర తిరిగింది. "మన ప్రేమని రంపంతో కోయిస్తావా హిక్మత్ అన్నాడు. ఆ మాటన్నాక ఏమనను?"

"నొప్పిగా ఉందా?"

"పడుకుంటే కొంచెం."

ఆ కొంచెం ఎంతో నబవియ్యాకు ఆ కళ్ళలోనే కనిపించింది. ఆ ఇంటి పెద్దమెట్లు దిగి వస్తూ, నడవాలో తౌఫీక్ బే ఎదురైతే ధైర్యం చేసింది.

"బేగారూ, ఆ ఉంగరం తీయించండి. వేలు చచ్చిపోతోంది."

"నీ పని ఇంకా రాలేదుగా?" అన్నాడతను మీసం సవరించుకుంటూ. "వచ్చినప్పుడు పిలుస్తాం."

సముద్రం పోటెత్తి వీధుల్లోకి నీళ్ళు కొట్టే గాలివానల నెలలో, ఒక పొద్దున పిలిచారు.

నబవియ్యా వెళ్ళేసరికి హాలునిండా నల్లబట్టలు, చావింట పోసే చక్కెర లేని కాఫీ వాసన. "ఆమె మిగిల్చిన ఆయుష్షు మీకు చేరాలి" అని ఆనవాయితీ ప్రకారం ఇంటివాళ్ళకు చెప్పి లోపలి గదిలోకి వెళ్ళింది. సాయానికి తౌఫీక్ బే చెల్లెలు ఇస్మత్ వచ్చి తలుపు గడియ పెట్టింది. ఆ మనిషి చావింట్లో కూడా అత్తరు పూసుకుని ఉంది.

"ముందు ఉంగరం సంగతి చూడు. తక్కినవి తర్వాత," అంది ఇస్మత్.

ఒంటిమీద బంగారం తీశాకే నీళ్ళు పోయాలి. అందులో తప్పేమీ లేదు. నబవియ్యా దుప్పటి తొలగించి ఎడమచెయ్యి అందుకుంది. ఎన్ని శవాలను చూసిన మనిషో! అయినా ఆ చేతిని ఒక్కసారి దుప్పటి మీదికి దించేసింది. వేలు మొదలంటా నల్లబడింది. ఉంగరం మీదుగా చర్మం పెరిగి, రెండు పక్కలా పెదాల్లా మూసుకుంది. ఆ పెదాల మధ్య రవ్వలు పళ్ళలా మెరుస్తున్నాయి. చుట్టూ పసుపుపచ్చని రసి ఎండి ఉంది. కొన్ని నెలలపాటు ఈ మనిషి ప్రాణంతో ఉండగానే ఆ వేలు కుళ్ళిందన్నమాట. ఆ పక్కగదిలోనే మొగుడు మీసం దువ్వుకుంటూ తిరిగాడు.

సబ్బు రాసింది. ఆలివ్ నూనె పోసింది. పట్టుదారం కింద నుంచి దూర్చి చుట్టి చూసింది. ఉంగరం కదల్లేదు, చర్మం ఊడి వస్తోంది. ఆమె చెయ్యి ఆపేసింది.

తలుపు మీద చిన్నగా వేళ్ళ చప్పుడు. "వచ్చిందా?" తౌఫీక్ బే గొంతు.

"ఇంకా లేదన్నయ్యా."

చప్పుడు మళ్ళీ. "వచ్చిందా?"

పెళ్ళాం శవంగా పడుకుని ఉంటే ఒక్క ఏడుపు వినబడని తలుపవతల నుంచి, వచ్చిందా, వచ్చిందా అని ఆ గుసగుస. వంటింట్లో దూరిన ఎలుక గోకుతున్నట్టుగా ఉంది. ఇస్మత్ బయటికి వెళ్ళింది. అన్నాచెల్లెళ్ళు ఏదో గొణుక్కున్నారు. తిరిగొచ్చినప్పుడు ఆమె నల్లశాలువా చాటున తువ్వాలులో చుట్టిన వస్తువుంది. నబవియ్యా ముందు పెట్టి తువ్వాలు విప్పింది. మాంసం కొట్టే కత్తి.

"ఇదెందుకు?"

ఇస్మత్ చూపు పక్కకు తిప్పుకుంది. "ఆమెకేం తెలుస్తుంది చెప్పు? ఎలాగూ గుడ్డ చుట్టేస్తావు. ఎవరూ చూడరు."

నబవియ్యాకు ఒకపట్టాన అర్థం కాలేదు. అర్థమయ్యాక కత్తిని దూరంగా నెట్టింది.

"వేలు కొయ్యమంటున్నారా?"

"మెల్లగా మాట్లాడు!"

"ఉంగరం కొయ్యొచ్చుగా? కమ్మీ కోసే పటకారు కింద కావలివాడి దగ్గరుంటుంది."

"ఉంగరం కోస్తే పాడైపోదూ? అది పాతకాలపు వస్తువు. అతుకు పడితే ఎవరు ముట్టుకుంటారు దాన్ని?"

"మరి వేలు పాడైతే?"

"వేలు మట్టిలో పోయేదేగా," అంది ఇస్మత్. అని, తన మాట తనకే అదోలా వినబడిందేమో, "నేననలేదమ్మా, అన్నయ్యన్నాడు," అని చేర్చింది.

నబవియ్యా కత్తిని పిడి పట్టుకుని తీసింది. "చచ్చినవాళ్ళ ఎముక విరిస్తే బతికున్నవాళ్ళ ఎముక విరిచినట్టేనని మా ఆయన మేనత్త చెప్పేది. ఇప్పుడు ఈ తలుపు తీసి, హాల్లో ఆడవాళ్ళందరికీ ఈ కత్తి చూపించి, ఎవరు పంపారో చెప్పనా? పటకారు తెప్పిస్తారా?"

ఇస్మత్ పటకారు తెప్పించింది.

ఏళ్ళ తరబడి అరిగి ఆ బంగారు కట్టు వేలి అడుగున గడ్డిపోచంత సన్నబడిపోయింది. టక్కున తెగింది. ప్రాణముండగా ఏ కంసాలి దగ్గరికి తీసుకెళ్ళినా, హుక్కా గొట్టం నోట్లోంచి తీయకుండా కోసిపెట్టేవాడు. ఆ సంగతి తలుచుకున్నకొద్దీ నబవియ్యాకు ఒళ్ళు మండింది. కట్టు విడదీసి, రెండు వైపులా మెల్లగా కండలోంచి పెకలించింది. కింద ఎముకదాకా గాడి పడి ఉంది. గాడిని రేగాకు నీళ్ళతో కడిగింది, మళ్ళీ కడిగింది, కర్పూరం అద్ది, దూది పెట్టి కట్టింది. తర్వాత మిగిలిన ఒళ్ళంతా కడిగి, జుట్టు మూడు పాయలు అల్లి, గుడ్డలు చుట్టి ముడులు వేసింది. ఇస్మత్ కుర్చీలో కూర్చుని విసనకర్రతో మొహానికి విసురుకుంటూ ఉండిపోయింది.

అంతా అయ్యాక నబవియ్యా తలుపు బార్లా తీసింది. ఉంగరం కోసం గుమ్మం దగ్గర చాచిన తౌఫీక్ బే చేతిని దాటుకుని హాలు నడిమికి వెళ్ళింది. అందరూ చూస్తుండగా అతనివైపు తిరిగి నిలబడింది.

"ఇదిగో బేగారూ, మీ ప్రేమ. వేలు మాత్రం ఆవిడతోనే వెళ్తుంది."

హాల్లో గుసగుసలు ఠక్కున ఆగాయి. తౌఫీక్ బే మొహం ముందు ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. ఏదో ఒకటి అంటాడనుకున్నారంతా. అతను ఉంగరం పట్టుకుని కిటికీ దగ్గరికి నడిచాడు. ఇటు పాడెను గదిలోంచి బయటికి ఎత్తుతున్నారు, మగాళ్ళు భుజం మార్చుకుంటూ దేవుడి పేరు తలుస్తున్నారు. అటు పెనిమిటి వెలుతురుకు ఉంగరం ఎత్తి, బొటనవేలి గోటితో ఒక్కో రవ్వనూ తడుముతున్నాడు. కిటికీ పక్కన కూర్చున్న ఒక నల్లబట్టల ఆడమనిషి లేచి అతని అరచేతిలోకి తొంగిచూసింది. పై అంతస్తులో ఉండే విధవరాలు షహీరా.

"అయ్యో, కోసేశారా!" అంది. ఆ ఇంట్లో ఆ పొద్దున గుండెలోంచి వచ్చిన శోకం అదొక్కటే.

ఆ మాటతో హాల్లో ఉన్న ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తౌఫీక్ బేకు ఆ చూపులు తనమీద నుంచి మళ్ళించాలి కాబోలు, గొంతెత్తాడు.

"ఒక రవ్వ లేదు. ఇక్కడ, ఈ పక్క గూడు ఖాళీగా ఉంది. ఇప్పటిదాకా ఉన్న రవ్వ ఏమైంది?"

నబవియ్యాను అదే గదిలోకి, ఇంకా తడారని నేలమీదికి తీసుకెళ్ళారు. ఇస్మత్, మరిద్దరు ఆడవాళ్ళు ఆమె తలగుడ్డ విప్పారు. చేతుల మడతలు, రవిక, జడ, చెప్పులు దులిపారు. ఆమె కదలకుండా నిలబడింది.

"నోరు మిగిలిపోయింది," అంది. "అది కూడా చూడండి." నోరు తెరిచింది.

ఇస్మత్ చూసింది. నిజంగానే వంగి, నాలుక కిందికి వేలు పెట్టి మరీ చూసింది. అత్తరు వాసన వేస్తున్న ఆ వేలు పంటికి తగిలినప్పుడు నబవియ్యాకు పుట్టిన రోత ఏ శవం దగ్గరా పుట్టలేదు. రవ్వ దొరకలేదు. ఎవరూ క్షమించమనలేదు. ఆమె తలగుడ్డ కట్టుకుని, సేవకుల మెట్ల మీదుగా దిగి, ట్రామెక్కకుండా గాలివానలో సముద్రపు ఒడ్డునే నడుచుకుంటూ ఇంటికొచ్చింది. వస్తూనే బొగ్గుపొడితో నోరు తోముకుంది.

శవాల మీద పేలాలేరుకునేది ఒకరు, పేరు పడేది ఇంకొకరికి. వారం తిరక్కుండానే పేటంతా పాకింది. నబవియ్యా చచ్చినవాళ్ళ వేళ్ళ నుంచి రవ్వలు పీకుతుందట. నిప్పు లేందే పొగ వస్తుందా అన్నారు. ఆడవాళ్ళు పోతే అవతల కర్మూజ్ పేట నుంచి వేరే మనిషిని పిలిపించుకున్నారు. గాబిర్ మాత్రం పడవ పని నుంచి వస్తూనే గుమ్మంలో నిలబడి కేకేసేవాడు.

"ఏమే రవ్వలదొంగా! ఇంట్లో పప్పు నిండుకుంది. ఒక రవ్వ ఇలా పడెయ్యి, కొట్టుకెళ్ళొస్తా."

ఆమె చెప్పు విసిరేది. అతను తప్పుకునేవాడు. ఇద్దరూ పగలబడి నవ్వేవారు. ఒకనాడు అలా నవ్వుతూనే ఆమె ఏడుపులోకి దిగిపోయింది. గాబిర్ పక్కన కూర్చున్నాడు.

"నువ్వు మంచిపనే చేశావు. నేనైతే ఆ కత్తితో వాడి మీసం కోసుండేవాణ్ణి," అన్నాడు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం షహీరా ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. అప్పటికి ఆమె తౌఫీక్ బే పెళ్ళాం. గుమ్మం లోపలికొచ్చి, ఎక్కడ కూర్చుంటే ఏమంటుకుంటుందో అన్నట్టు చుట్టూ చూసి, నిలబడే చేతి తొడుగు విప్పింది. అదే ఉంగరం. అతికించారు. వేలి చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయి, పొక్కులు లేచి ఉంది.

"నువ్వు దీనికేం చేశావు?" అంది షహీరా. "శవం కడిగిన నీళ్ళతో ఏవో ప్రయోగాలు చేస్తారంటగా మీరు? పెట్టుకున్న రోజునుంచీ దురద. ఏం కావాలంటే అదిస్తాను, విప్పెయ్యి."

"నేనేం చెయ్యలేదమ్మా. వేలి నుంచి తీశానంతే. ఎలా తీశానో ఆయన చెప్పాడా?"

"కట్టు కోసి తీశావట, అంతేగా. ఆవిడే పోయేముందు ఆయన్ని పిలిచి చెప్పిందటగా. షహీరాకి ఇవ్వు, నా స్థానం తనది అందట."

నబవియ్యా ఆ మనిషి మొహంలోకి కాసేపు చూసింది. కావాలని అబద్ధమాడుతోందా, నిజంగా నమ్మిందా తెలుసుకుందామని. నమ్మింది. నమ్మడం సుఖంగా ఉంది కాబట్టి నమ్మింది.

"కూర్చోమ్మా, నేను చెబుతాను," అంది.

వంకాయలా ఉబ్బిన వేలు గురించి చెప్పింది. రంపం మాట చెప్పింది. రసి గురించి, చర్మం పెదాల గురించి, తువ్వాల్లో చుట్టి తెచ్చిన కత్తి గురించి, తలుపవతల గుసగుస గురించి దాచకుండా చెప్పింది. షహీరా సగం విని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ అడ్డం పెట్టుకున్న చేతికే ఉంగరముంది. అది గుర్తొచ్చి చేతిని దూరంగా చాచింది. గబగబా ఉంగరం లాగి నేలమీద పడేసింది. పెరట్లోకి పరుగెత్తి కక్కుకుంది.

నబవియ్యాకు జాలేసింది. చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె నుదురు తడిపింది. షహీరా మొహం తుడుచుకుని వచ్చి చాప మీద కూలబడింది.

"ఆవిడ మంచాన పడ్డప్పటినుంచే ఇస్తానన్నాడు," అంది ఎటో చూస్తూ. "అదైతేనే, అతుకూ బొతుకూ లేకుండా ఉంటేనే పుచ్చుకుంటాను అన్నాను నేను. ఊరికే గీరకి అన్నాను. ఇలాగని నాకేం తెలుసు?"

"రవ్వ నేను తీశానని నువ్వూ నమ్మావా?"

"లేదు. కంసాలి చెప్పాడు. ఆ గూటిలో మురికి ఏళ్ళనాటిదట. ఆ రవ్వ ఎప్పుడో రాలిపోయింది. ఆయనకీ తెలుసు."

నబవియ్యా గుండెల మీది రాయి కదిలినట్టయింది. "ఆ ఒక్క ముక్క పేటలో ఎవరిముందైనా చెప్పమ్మా. నా బతుకు నాకొస్తుంది."

షహీరా చూపు నేలమీది ఉంగరం మీదికి పోయింది. తర్వాత మెల్లగా, "ఎలా చెప్పను? ఆయన పరువు పోదూ?" అంది. లేచింది. చాప అంచున పడి ఉన్న ఉంగరాన్ని రుమాలుతో పట్టుకుని సంచిలో వేసుకుంది. నబవియ్యా కిటికీలోంచి చూస్తూనే ఉంది. వీధి మలుపు దగ్గర షహీరా ఆగింది. సంచి తెరిచింది. రుమాలుతో ఉంగరాన్ని బాగా తుడిచింది, నోటితో ఊది మళ్ళీ తుడిచింది. వేలికి పెట్టుకుని, పైన తొడుగు లాక్కుని ట్రాము ఎక్కింది.

"థూ!" అంది నబవియ్యా. కిటికీ తలుపు మూసేసింది.

ఆ ఎండల్లోనే వాడలో చేపలమ్మే ముసలమ్మ పోయింది. ఎండకు శవం ఆగదు, కర్మూజ్ మనిషి ఊళ్ళో లేదు. కోడలు తల వంచుకుని నబవియ్యా గుమ్మంలో నిలబడింది. నబవియ్యా రాను అనలేదు. ఒక్క షరతు పెట్టింది.

"నేను గడప తొక్కేముందే ఒంటిమీదున్నదంతా మీ చేతుల్తో మీరే తీయాలి. పదిమంది ముందు తీయాలి. రాకపోతే కట్టు కొయ్యండి. నేను వచ్చాక గదిలో శవం, నీళ్ళు, నేను, అంతే."

ముసలమ్మ ఒంటిమీద పూసైనా లేదు. అయినా షరతు షరతే. దాన్ని ఆ ఇల్లూ ఈ ఇల్లూ చెప్పుకున్నాయి. దొంగైతే ఇలాంటి షరతెందుకు పెడుతుంది అన్నారెవరో. క్రమంగా పిలుపులు మళ్ళీ మొదలయ్యాయి. షరతు విని మొహం మాడ్చుకున్న గొప్పిళ్ళు కూడా ఉన్నాయి. అలాంటి చోటికి ఆమె వెళ్ళేది కాదు.

నాలుగైదేళ్ళకు షహీరా ఉంగరంతో సహా బేరూత్ వెళ్ళిపోయింది. ప్రేమకు గుర్తుగా ఇస్తే పట్టుకుపోయిందని తౌఫీక్ బే కాఫీ అంగళ్ళలో అందరికీ చెప్పుకుని ఏడ్చాడట. హిక్మత్ పోయినరోజు రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయన్నమాట. ఆ తర్వాత ఒక పొద్దున ఆ ఇంటి కావలివాడు వచ్చి, ఇస్మత్ పోయింది, రమ్మన్నారు అని చెప్పాడు.

"వెళ్తావా?" అన్నాడు గాబిర్ ఆశ్చర్యంగా.

"చచ్చిన మనిషితో నాకు పగేముంది?"

ఆ హాల్లో ఈసారి పట్టుమని పదిమంది లేరు. తౌఫీక్ బే మీసం వాలిపోయింది. నబవియ్యా గడప బయటే నిలబడి తన షరతు చెప్పింది. ఇంట్లో రక్తసంబంధం అతనొక్కడే. తప్పక గదిలోకి వెళ్ళాడు. ఇస్మత్ వేలికి సన్నటి ఉంగరముంది. దాన్ని పట్టుకోబోయి చల్లటి చర్మం తగలగానే చెయ్యి వెనక్కి తీశాడు. మళ్ళీ పట్టుకున్నాడు. గొంతులో డోకు వచ్చింది.

"నావల్ల కాదు. నువ్వు తియ్యి," అన్నాడు మొహం తిప్పుకుని.

"రోతగా ఉందా బేగారూ? మీ చెల్లెలేగా."

"నీకు పుణ్యముంటుంది."

"పుణ్యం నాకెందుకుగాని, తియ్యండి. వేలు నలగకుండా చూడండి."

అతని నుదుటి మీద చెమట పట్టింది. కళ్ళు మూసుకుని ఉంగరం లాగాడు. వదులుగా ఉంది, తేలిగ్గానే వచ్చింది. అరచేతిలో పెట్టుకుని, దాన్నేం చేయాలో తెలియనట్టు గదినడుమ నిలబడ్డాడు. అంత దగ్గరగా చూశాక కూడా నబవియ్యాకు అతనిమీద జాలి రాలేదు. ఎండిన చేపపొలుసు చేతికంటుకుంటే దులుపుకోవాలనిపించినట్టు, అతను త్వరగా పోతే బాగుండుననిపించింది, అంతే.

"ఇక బయటికి నడవండి. ఇక్కడ మగాళ్ళకి పని లేదు."

తలుపు గడియ వేసి, చేతులు పైకి మడిచి, నీళ్ళ వేడి ఎంతుందో మోచేత్తో చూసింది. ఇంకొంచెం చన్నీళ్ళు కలిపి, ఇస్మత్ కుడి భుజం మీద మొదటి చెంబు పోసింది.